దొరగారి గులాబీ మరక

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు నానమ్మ, నాన్న, అమ్మ, బాబాయి, దొర. ఇంకెవరైనా ఉన్నారా అని గట్టిగా అడిగితే అందరూ కాసేపు ఆలోచించి, "ఆఁ, పిల్లి కూడా ఉంది" అనేవారు.

పిల్లి అంటే పిల్లి కాదు, ఆ ఇంటి అమ్మాయి. నడిస్తే అడుగు చప్పుడు కాదు, మాట్లాడితే పక్కనున్నవాళ్ళకి కూడా అందదు. అందుకని బాబాయి పెట్టిన పేరది. దొర మాత్రం కుక్కే. ఎవరు పిలిచినా ఒక కన్ను తెరిచి, పిలిచినవాళ్ళ స్థాయి చూసుకుని, మళ్ళీ మూసుకుంటాడు. అందుకని ఆ పేరు. "ఒసే పిల్లీ, దొరని బయటికి తీసుకెళ్ళవే!" అని నానమ్మ కేకేస్తే, దుకాణానికి కొత్తగా వచ్చినవాళ్ళు పాపం మొదట పిల్లి కోసం, ఆ తర్వాత దొర కోసం వెతుక్కునేవారు.

వాళ్ళది బట్టలుతికే దుకాణం. ముందు గదిలో కౌంటరు, నడిమి గదిలో రెండు పెద్ద మిషన్లు, వెనక ఇస్త్రీ గది, దాని తలుపు తీస్తే తీగలు కట్టిన పెరడు. కాపురం మేడ మీద. లాడ్జీల దుప్పట్లన్నీ వాళ్ళ దగ్గరికే వచ్చేవి. నానమ్మకి తెలుపంటే ప్రాణం. మరక మొహం చూసి దాని ఊరూ పేరూ చెప్పేస్తుంది. ఇది కాఫీ, ఇది తుప్పు, ఇది పెదవులకి వేసుకునే రంగు, ఇది ఎవరికీ చెప్పకూడనిది. ఆవిడ అన్నాక ఇక ఆ ఇంట్లో అప్పీలు లేదు.

దొరకి దవడ కింద గడ్డలు లేచి, అది కేన్సరని తేలింది. అప్పుడు రెండు మిషన్లూ ఆపేసి ఇంటిల్లిపాదీ కూర్చుని ఏడ్చారు. పశువుల డాక్టరమ్మ మందులు మొదలుపెట్టాక గడ్డలు ఎండకి మంచులా కరిగాయి. దొర మళ్ళీ తిండి తినడం, పోస్ట్‌మాన్‌ని తిట్టడం మొదలుపెట్టాడు. ఒక్కటే చిక్కు. మందులతోపాటు దాహం కూడా వచ్చింది. తాగిందంతా ఎక్కడో ఒకచోట పోయాలి కదా. పోశాడు. కౌంటరు కాలికి పోశాడు, మేడ మెట్లకి పోశాడు, ఒకసారి బాబాయి చెప్పులో పోశాడు. చెప్పు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కానీ ఒకరోజు ఉతికిన దుప్పట్ల బుట్టకి జానెడు దూరంలో పోసేసరికి నానమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి.

పోయినసారి ఆసుపత్రికి దొరని తీసుకెళ్ళింది పిల్లే. మిగతావాళ్ళంతా దుప్పట్లలో మునిగి ఉన్నారు. డాక్టరమ్మ కొత్త బిళ్ళలిచ్చి పిల్లితోనే చెప్పింది. "ఈ బిళ్ళ వేస్తున్నన్నాళ్ళూ నీళ్ళు బాగా తాగించాలి. మాటిమాటికీ బయటికి తిప్పాలి. మూత్రం గులాబీ రంగులో కనిపిస్తే బిళ్ళ ఆపేసి వెంటనే నాకు ఫోన్ చెయ్యాలి. పోసింది తుడిచేటప్పుడు చేతికి తొడుగులుండాలి. గుర్తుంటుందా?"

పిల్లికి గుర్తుంది. ఇంటికొచ్చి అందరికీ చెప్పింది కూడా. కాకపోతే రెండు మిషన్లూ తిరుగుతున్నప్పుడు చెప్పింది. నాన్న "ఆఁ ఆఁ" అన్నాడు. అమ్మ తలూపింది. బాబాయి బొటనవేలు చూపించాడు. నానమ్మ "అలాగేలే, ముందు అన్నం తిను" అంది. చేతి తొడుగుల సంగతి ఒక్కటి ఆమె సైగ చేసి చూపించింది కాబట్టి అందరికీ అర్థమైంది.

ఆ రోజు పొద్దున దొర ప్రతి స్తంభం దగ్గరా ఆగాడు. మామూలుగా స్తంభానికొక రాజముద్ర వేసి ముందుకి సాగేవాడు. ఆవేళ సిరా అయిపోయిన ముద్రలాగా చుక్కా చుక్కా పడింది. కాలు ఎత్తి అలాగే నిలబడి, ముక్కి, పిల్లి వంక తిరిగి చూశాడు. మట్టిలో చుక్క ఏ రంగుదో ఎవరికి తెలుస్తుంది? పిల్లి ఇంటికి రాగానే నానమ్మ చెవి దగ్గరికెళ్ళి చెప్పింది. "నానమ్మా, దొరకి సరిగ్గా రావట్లేదు."

"తగ్గిందా?" అంటూ నానమ్మ మొహం చాటంత అయింది. "నేను చెప్పలా!"

నానమ్మ ఎప్పుడు చెప్పిందో, ఏం చెప్పిందో పిల్లికి అంతుబట్టలేదు.

మధ్యాహ్నం అయ్యేసరికి అమ్మ కేక వినిపించింది. ఇస్త్రీ గదిలో బుట్టలోంచి జారిన తెల్ల దుప్పటి కొస మీద, అరచేయంత గులాబీ మరక. అమ్మ పరిగెత్తి మిషన్లు రెండూ ఆపేసింది. అందరూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. నానమ్మ కళ్ళజోడు పైకి తోసి, ఒక్క చూపు చూసి తీర్పు చెప్పేసింది. "రంగు దిగింది. తెల్లబట్టల్లో ఎవరో ఎర్రది కలిపారు."

అందరి కళ్ళూ బాబాయి వైపు తిరిగాయి. బాబాయికి ఒక ఎర్ర టీషర్టు ఉంది. మ్యాచ్ ఉన్న రోజు అది వేసుకోకపోతే తన జట్టు ఓడిపోతుందని అతని నమ్మకం. వేసుకున్నా ఓడిపోయేది.

"నా వంక చూస్తారేంటి? దాని రంగు పోయి రెండేళ్ళయింది. ఇంకా దిగడానికి అందులో ఏముంది?"

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది. నేను నీ పేరెత్తానా?" అంది నానమ్మ.

"పేరెత్తక్కర్లేదమ్మా, నీ కళ్ళజోడు ఎత్తితే చాలు. ముందు వదిన కొత్త టవలు సంగతి అడుగు."

"నా టవలు నారింజ రంగు మరిదిగారూ! మీకు రంగులు కూడా తెలియవా? ఇరవై నాలుగ్గంటలూ ఉండేది ఈ దుకాణంలోనే కదా."

"ఇద్దరూ ఆపండి," అన్నాడు నాన్న. ఆయన ఒక చేతికి రబ్బరు తొడుగు ఉంది. ఆ చేతిలో ఒక రొట్టెముక్క ఉంది. ఆ రొట్టెముక్కలో దొర బిళ్ళ ఉంది. దొరకి మందు వేసే వేళ అయి, ఆయన రొట్టె చుట్టుకుని వస్తుండగా ఈ గొడవ మొదలైంది. "ఒరేయ్, రాత్రి మిషన్ నింపింది నువ్వే కదా?" అంటూ నాన్న రొట్టెముక్కతో బాబాయిని చూపించాడు. దొర తల అటు తిరిగింది. "నువ్వైనా చూసుకోవద్దూ?" అంటూ అమ్మని చూపించాడు. దొర తల ఇటు తిరిగింది.

పిల్లి మాత్రం మరక చూస్తోంది. రంగు దిగితే దుప్పటంతా చారలు చారలుగా పాకుతుంది. ఇది ఒక్కచోటే ఉంది. పక్కన నేల మీద కూడా రెండు చుక్కలున్నాయి. దుప్పటి అయితే ఎర్రదానితో కలిసిందనుకోవచ్చు, నేల ఏ మిషన్లో తిరిగింది?

"నాన్నా," అంది పిల్లి.

"పోనీ లాడ్జీవాళ్ళకి ఏం చెబుతారో చెప్పండి!" అంటోంది అమ్మ.

"నాన్నా, అది రంగు కాదు."

"నేను పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఈ పనిలో ఉన్నాను. తిలా పాపం తలా పిడికెడు, అందరూ కలిసి మరక చేశారు, ఇక అందరూ కలిసి ఉతకండి," అంటోంది నానమ్మ.

నాన్న విసిగిపోయి, "సరే, ముందు వీడి మందు కానీయండి" అని దొర వైపు వంగాడు.

మాటతో పని జరగదని పిల్లికి అర్థమైంది. చుట్టూ చూసింది. బల్ల మీద నురగమందు సీసా ఉంది. రక్తపు మరకలకి వాళ్ళు వాడేది అదే. రంగు మీద పోస్తే ఆ మందు నీళ్ళలాగే పడుంటుంది. రక్తం తగిలితే మాత్రం బుసబుసా తెల్లగా పొంగుతుంది. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకి అక్షరాల కంటే ముందు అది తెలుస్తుంది. పిల్లి సీసా తీసి, నాన్న మోచేతి కింద నుంచి దూరి, మరక మీద గబగబా ఒంపేసింది.

"ఏయ్, ఏంటే ఆ పని..." అన్న నానమ్మ మాట సగంలో ఆగిపోయింది.

మరక పొంగింది. బుసబుసమని పాలపొంగులా లేచింది. నురగ చప్పుడు కూడా వినిపించేంత నిశ్శబ్దం ఆ గదిలో ఎన్నేళ్ళకో వచ్చింది. ఆ విభ్రమంలో నాన్న చేతిలోంచి రొట్టెముక్క జారి బల్ల కింద పడింది.

దొర లేచాడు. జబ్బు చేసినప్పటినుంచీ ఆయనగారు అంత వేగంగా లేవడం ఎవరూ చూడలేదు. పిల్లి ఇంకా వేగంగా బల్ల కిందికి దూకింది. ఇద్దరి ముక్కులూ కొట్టుకున్నాయి. లేచేసరికి రొట్టె పిల్లి పిడికిట్లో ఉంది.

"వెయ్యకూడదు," అంది. మిషన్లు ఆగి ఉన్నాయి కాబట్టి అందరికీ వినిపించింది. "అది రక్తం. దొరది. బిళ్ళ ఆపేసి డాక్టరమ్మకి ఫోన్ చెయ్యాలి."

"ఆ మాట ముందే చెప్పొద్దూ?" అన్నాడు బాబాయి.

"చెప్పాను. నువ్వు బొటనవేలు కూడా చూపించావు."

నాన్న ఫోన్ కలిపి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టాడు. డాక్టరమ్మ అంతా విని, "మంచిపని చేశారు, ఆ బిళ్ళ ఇక వద్దు" అంది. "బదులు వేరే మందుంది, కంగారు పడకండి. ఆ మందు ఒంట్లోంచి బయటికి పోయేటప్పుడు మూత్రసంచిలో నిలిచిపోతే లోపలి పొర పుండవుతుంది. అందుకే నీళ్ళు ఎక్కువ తాగించమన్నాను. తాగుతున్నాడు కదా?"

"బ్రహ్మాండంగా!" అన్నాడు నాన్న.

"బకెట్లు బకెట్లు!" అన్నాడు బాబాయి.

నానమ్మ ఒక దుప్పటి తీసి మడత పెట్టడం మొదలుపెట్టింది. అది అప్పటికే మడత పెట్టిన దుప్పటి.

పిల్లి దొర పడుకునే మూల వైపు చూసింది. నీళ్ళ గిన్నె లేదు. తలెత్తి చూసింది. అటక అంచు మీద ఉంది, నిండా బట్టల క్లిప్పులతో.

"అమ్మా," అన్నాడు నాన్న మెల్లగా.

"అమ్మా అంటావేంట్రా! పోసేది తగ్గిస్తే పారేది తగ్గుతుందని అనుకున్నాను. పూటకో గ్లాసుడు పోస్తూనే ఉన్నానుగా. దుప్పట్లు పాడైపోతున్నాయని..." నానమ్మ చేతిలోని దుప్పటి బల్ల మీద పెట్టేసింది. "పొద్దున ఇది వచ్చి తగ్గిందంటే సంతోషపడ్డాను కూడా. చచ్చినదాన్ని. నా చేతులతో నేనే వాడి కడుపు మండించానా?"

"అవ్వగారూ, ఇప్పుడు పోయండి చాలు," అంది ఫోన్. "పూర్తిగా ఆపలేదు కదా, ఇంకా నయం. తాగాక తాజాగా పోసింది పట్టుకుని, క్లినిక్ మూసేలోపు తీసుకురండి. చీము కూడా ఉందేమో చూడాలి."

"పట్టుకోవడమా? దేంతో?" అన్నాడు బాబాయి.

"పొడుగు కాడ గరిటె ఉంటే హాయిగా పట్టొచ్చు. కడిగి ఆరబెట్టిందై ఉండాలి."

"నా గరిటా?" అంది అమ్మ.

నానమ్మ వద్దన్నా వినకుండా కుర్చీ ఎక్కి, గిన్నె దించి, క్లిప్పులు నేల మీద గుమ్మరించి, నిండుగా నీళ్ళు పోసి దొర ముందు పెట్టింది. దొర తాగాడు. మళ్ళీ పోసింది. మళ్ళీ తాగాడు. ఎవరూ ఇస్త్రీ పెట్టె ముట్టలేదు. కాసేపటికి దొర లేచి తలుపు దగ్గరికి నడిచాడు. వెనకాలే ఊరేగింపులాగా అందరూ పెరట్లోకి నడిచారు.

దొర తీగల స్తంభం దగ్గర కాలెత్తాడు. బాబాయి మునివేళ్ళ మీద వెళ్ళి గరిటె చాచాడు. గరిటె బకెట్‌కి తగిలి ఖంగుమంది. కాలు దిగింది.

"నీళ్ళ చప్పుడు వింటే వస్తుంది," అని నాన్న కొళాయి తిప్పాడు. దొర కొళాయిని ఆసక్తిగా చూశాడు. అంతకుమించి ఏమీ చెయ్యలేదు.

"జరగండ్రా," అని నానమ్మ దొర పక్కన గొంతుక్కూర్చుని "స్ స్ స్ స్" అనడం మొదలుపెట్టింది. "మీ ఇద్దరికీ చిన్నప్పుడు ఇలాగే చేసేదాన్ని. ఠక్కున పోసేవాళ్ళు."

"అమ్మా, ఆపు. ఇప్పుడు కూడా పనిచేసేట్టుంది," అని బాబాయి గరిటె అమ్మ చేతిలో పెట్టి లోపలికి పరిగెత్తాడు.

దొర కూర్చుండిపోయాడు. చెవులు వెనక్కి వాల్చి, ఒక్కొక్కరినీ చూసి, చివరికి పిల్లి మొహం మీద చూపు ఆపాడు. బళ్ళో లేచి నిలబడి పాఠం చదవమన్నప్పుడు తనకి ఏమవుతుందో పిల్లికి గుర్తొచ్చింది. మాటలన్నీ లోపల నిండుగా ఉంటాయి. అందరూ ఇటే చూస్తున్నారనగానే ఎక్కడివక్కడే ఆగిపోతాయి. దొర బాధ కూడా అదే. ఈ హడావుడేంటో చూద్దామని పక్కింటి కిటికీ కూడా తెరుచుకుంది.

"అందరూ లోపలికి పొండి!"

పిల్లి అరుపుకి తీగ మీది కాకులు లేచిపోయాయి. పక్కింటి కిటికీ మూసుకుంది. లోపలినుంచి బాబాయి గొంతు వినిపించింది. "ఎవరు వచ్చారు?"

అమ్మ గరిటె అందించింది. నాన్న కొళాయి కట్టేశాడు. ఒకరి వెనక ఒకరు లోపలికి వెళ్ళిపోయారు.

పిల్లి దొర వైపు చూడలేదు. చేతికి తొడుగు వేసుకుని, తీగల మీది క్లిప్పులు సర్దుతున్నట్టు నటించింది. దొర కూడా ఆమెని చూడలేదు. ఇద్దరూ పెద్దమనుషుల్లా కాసేపు చెరో దిక్కు చూశారు. తర్వాత సన్నగా చప్పుడైంది. పిల్లి చెయ్యి ఒక్కటే, మిగతా ఒళ్ళు కదలకుండా, గరిటెతో కిందికి జారింది. చప్పుడు ఆగి ఆగి వచ్చింది. గరిటె సగం నిండింది. దొర పెద్దగా నిట్టూర్చి, మట్టిని వెనక్కాళ్ళతో గీరాడు.

పిల్లి ఎండకి ఎత్తి చూసింది. ఇంకా గులాబీయే. కానీ దుప్పటి మీది గులాబీ కాదు, చాలా పలచన. ఆమె గరిటె రెండు చేతులా పట్టుకుని, ఒక్క చుక్క ఒలకకుండా, పెరటి మెట్లెక్కి, భుజంతో తలుపు తోసింది. నానమ్మ తలుపు వెనకాలే నిలబడి ఉంది, చేతిలో కడిగి ఆరబెట్టిన ఖాళీ సీసాతో.

"ఎలా ఉందే?"

"పలచబడింది నానమ్మా. నీళ్ళు పనిచేస్తున్నాయి!"

నానమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతికి దొరికిన దుప్పటి కొసతో తుడుచుకుంది. అది ఉతికి, ఇస్త్రీ చేసి, లాడ్జీకి కట్టిన దుప్పటి. ఆ సంగతి గుర్తొచ్చి కిందికి చూసింది. పిల్లి కుడికాలు గడప లోపల ఉంది. ఆ కాలికి అటూ ఇటూ తెల్ల దుప్పట్ల దొంతరలున్నాయి. సంతోషంలో పిల్లి చేతుల్లోని గరిటె ఒక దొంతర వైపు కొంచెం, చాలా కొంచెం వంగింది.

"ఆగు! ఆ కాలు వెనక్కి తియ్యి! లోపలికి అడుగు వేశావంటే చంపేస్తాను! సీసా కిటికీలోంచి అందిస్తాను!" అంటూ నానమ్మ ఆమె మొహం మీదే తలుపు దభాలున మూసేసింది.