ఫ్రిజ్ ఆపినా ఆగని చప్పుడు

ఆ చప్పుడు ఫ్రిజ్‌ది కాదని ఆనాడే చెప్పింది కదా, చేవెళ్లలో వాళ్ల కిరాణా కొట్లో, గిరాకీలందరి ముందు మొగుడు జనార్దన్ కూల్‌డ్రింకుల ఫ్రిజ్ ఆపేసి, ఇప్పుడు చెప్పు ఉమా, ఇంకా ఇనబడుతున్నదా అని అడిగితే, ఇనబడుతున్నది అంది ఉమారాణి, ఎడమ చెవిలో దబ్ దబ్‌మని, గుండె వచ్చి అక్కడే కూర్చున్నట్టు, అయితే నీ తలకాయలనే ఉన్నది అని అతను నవ్వాడు, పప్పు కొనవచ్చినవాళ్లూ నవ్వారు, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, కట్టుకున్నవాడే అట్లా అంటే ఊరు ఊరుకుంటుందా, అత్త రామమ్మ శనివారం శనివారం వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోసి, జర ఓర్చుకో బిడ్డా అనేది, ఓర్చుకుంది, చేవెళ్ల డాక్టరు లోపల ఎర్రగా ఉన్నది, చీము పట్టింది, గుచ్చి తీస్తా అని సూది పట్టేదాకా ఓర్చుకుంది, అప్పుడు మాత్రం ఎక్కడలేని కోపం పొంగి, చప్పుడంటే నమ్మరు గాని చీము అంటే నమ్ముతరా అని ఆయన చెయ్యి విసిరికొట్టి లేచొచ్చింది, మొండిఘటం అని మొగుడు తిట్టాడు, డాక్టరుకు దండాలు పెట్టాడు, ఇంట్లో నెల్లాళ్లు అదే దెప్పుడు.

ఈ పొద్దు మొయినాబాద్ దవాఖానలో చెవి డాక్టరమ్మ స్కాన్ చూపించి, కర్ణభేరి వెనుక గడ్డ ఉన్నదమ్మా, గ్లోమస్ ట్యూమర్ అంటరు, శానా తక్కువమందికి వస్తది, అంతా నెత్తురు నాళాలే, నీకు ఇనబడేది నీ నాడి చప్పుడే, ఆపరేషన్ చేసి తీయాలె, లేకుంటే చెవి పోతది అంది, ఇంతకుముందెవరన్నా గుచ్చిన్రా అని అడిగింది, లేదంటే, బతికినవు, గుచ్చితే నెత్తురు ఆగకపోతుండె అంది, జనార్దన్ మొహంలో రక్తం లేదు, కొట్టుతో పాటు సాఫ్ట్‌వేరోళ్లకు ప్లాట్లు కూడా అమ్మే అతని ఫోను మోగుతూనే ఉంది, ఎత్తలేదు, ఎత్తితే ఉమారాణి దాన్ని లాక్కుని అక్కడే విసిరికొట్టేది, నిజంగా కొట్టేది.

కారు చేవెళ్ల దారి పట్టింది, రోడ్డు పొడుగునా వెంచర్ల బోర్డులు, చెవిలో అదే దబ్ దబ్, తప్పయింది ఉమా, ఇగ ఆ కోపం ఇడిసిపెట్టు, ఆపరేషన్ ముంగట మంచిది కాదు అంటున్నాడు జనార్దన్, ఎందుకు విడిచిపెట్టాలి, ఓర్చుకున్నన్నాళ్లూ నూనె పోశారు, నవ్వారు, సూది దాకా తెచ్చారు, ఆ సూదిని ఆపింది మొగుడు కాదు, అత్త కాదు, దేవుడు కూడా కాదేమో, ఆ కోపమే, ఈ పూట తాను ప్రాణంతో ఇంటికి పోతున్నదంటే దాని చలవే.