తీయడం మరిచిన పూస

కరెంటుతో నడిచే ప్రతి వస్తువూ మనకు వినబడని రేడియో తరంగాలతో పక్క వస్తువు చెవిలో ఏదో ఒకటి గొణుగుతూనే ఉంటుంది. ఆ గొణుగుడు హద్దు మీరకుండా చూడడం మా ఆయన హార్మెన్ ఉద్యోగం. ఇరవై ఆరేళ్లుగా ఇనుప గోడల గదిలో పాలు పితికే యంత్రాలనీ, కుట్టు మిషన్లనీ, వృద్ధాశ్రమాల మంచాలనీ పెట్టి వాటి గొణుగుడు కొలుస్తున్నాడు. ఇంట్లో నాది మాత్రం ఏ పరికరానికీ అందడం లేదని అతని ఫిర్యాదు.

వేసవిలో ల్యాబు చేతులు మారింది. కొత్త యజమానుల తరఫున ఆనెలోత్ అనే ఆవిడ వచ్చి, అందరికీ కేకు పెట్టి, నవంబరు ఒకటి నుంచి సర్టిఫికెట్ ఉన్న ఇంజినీర్లే రిపోర్టుల మీద సంతకం పెట్టాలని చెప్పింది. లేనివాళ్లు కొలుచుకోవచ్చు. కింద సంతకం మాత్రం వేరేవాళ్లది. అప్పటికి ల్యాబులో సర్టిఫికెట్ ఉన్నది ఒక్క రిన్స్కేకే. ఆ అమ్మాయికి పని నేర్పింది హార్మెన్.

"అంటే నేను కొలిచింది నిజమేనని ఆ పిల్ల చెప్పాలన్నమాట," అన్నాడు ఇంటికొచ్చి, బూట్లయినా విప్పకుండా.

"చెబితే తప్పేముంది? నేర్పింది నువ్వేగా."

"అందుకే భయం."

సర్టిఫికెట్‌కి మొదట పరీక్ష ఉంది. పుస్తకాలు చూసి రాయొచ్చు. యాభై నాలుగేళ్ల మనిషి రెండు సూట్‌కేసుల నిండా పుస్తకాలు మోసుకెళ్లి, వాటిని తెరిచే తీరిక లేక, గుర్తున్నది రాసి గట్టెక్కాడు. ఇక మిగిలింది దరఖాస్తు. పెద్ద పనులు పన్నెండు ఎంచుకుని, ఒక్కోదాని గురించి ఒక పేజీ రాసి, ఫోటో అతికించాలి. అతని పని ఎరిగిన ముగ్గురు పెద్దలు ఉత్తరాలివ్వాలి. రెండు వచ్చేశాయి. మూడోది లుబ్బర్ట్ ఇవ్వాలి. ఆరేళ్ల క్రితం రిటైరయ్యేదాకా హార్మెన్ పై అధికారి ఆయనే.

అతికించే పని నా మీద పడింది. నాకు చరిత్రలో డిగ్రీ ఉంది. పాత కాగితాలు ఓపికగా చూడడం తప్ప ఆ చదువు నాకేమీ నేర్పలేదు.

ఇక్కడ పూస సంగతి చెప్పాలి. కేబుల్‌కి తగిలించే నల్లటి పూస అది, వేలి కణుపంత ఉంటుంది. మూత తెరిచి కేబుల్ మీద పెట్టి నొక్కితే టక్కుమని పడుతుంది, గొణుగుడు తగ్గిపోతుంది. రోగం ఏ కేబుల్‌లో ఉందో తెలుసుకోవడానికి ఒక్కో కేబుల్‌కీ తగిలించి చూస్తారు. దొరికాక పూస తీసేస్తారు. వస్తువు తయారుచేసిన వాళ్లు దాన్ని బాగుచేసి పంపితే, ఒట్టి కేబుల్‌తో మళ్లీ కొలుస్తారు. పూస తీయడం మరిచిపోతే కొలిచింది వస్తువును కాదు, పూసను. అతని జేబుల్లోంచి జారినవి మా వాషింగ్ మిషన్‌లో నెలకు రెండైనా దొరుకుతాయి కాబట్టి వాటి మొహం నాకు బాగా తెలుసు.

అక్టోబరు మొదటి శనివారం మధ్యాహ్నం ఏడో పని ఫోటో చేతిలోకి తీసుకున్నాను. తొమ్మిదేళ్ల కిందటిది, మంచం పాసైన కొలత రోజున తీసింది. వృద్ధాశ్రమానికి చేసిన మంచం, మీట నొక్కితే తల వైపు లేచేది. మంచం కోడు వెనక నుంచి కేబుల్ నేలకు దిగుతోంది.

"ఇది మంచంతో పాటే వచ్చిందా?" అని అడిగాను.

"ఏది?"

"ఈ పూస."

కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. వెళ్లి ఆ మంచం డ్రాయింగు తెరిచాడు. అందులో పూస లేదు. పాత కొలతలు తీశాడు. మొదటిరోజు హద్దుకి అయిదు డెసిబెళ్లు పైన. వారం తర్వాత రెండు కింద.

"మధ్యలో వాళ్లు మోటారు మార్చి పంపారు," అన్నాడు. "దానివల్ల తగ్గిందనుకున్నా."

"మంచాలు ఎన్ని అమ్ముడుపోయాయి?"

"రెండు వేల పైమాటే."

"గొణిగితే ఏమవుతుంది?"

"ఏమీ కాకపోవచ్చు." డ్రాయింగు మడిచాడు. "ముసలివాళ్ల మెడలో పిలుపు మీట ఉంటుంది కదా, అది రేడియోతో పనిచేస్తుంది. మంచం లేస్తున్నప్పుడు నొక్కితే ఆ పిలుపు నర్సుకి చేరకపోవచ్చు."

"చేరకపోతే?"

"మళ్లీ నొక్కుతారు."

"నొక్కగలిగితే," అన్నాను. అనకుండా ఉండాల్సింది. అతని మొహం చూశాక, అన్నమాట వెనక్కి తీసుకునే బదులు ఇంకో తెలివైన మాట అన్నాను. "ఇదే మంచానికి అటువైపు నుంచి తీసిన ఫోటో కూడా ఉంది. అందులో వెలుతురు బాగా పడింది. అది పెడదామా?"

"పెట్టు," అన్నాడు.

పెట్టాను. జిగురు ఆరింది. అరగంట తర్వాత వచ్చి, "తీసెయ్," అన్నాడు.

ఆదివారం కాఫీకి లుబ్బర్ట్ వచ్చాడు. కోటు విప్పుతూనే జేబులోంచి ఉత్తరం తీసి ఊపాడు. "మూడు పేజీలు రాశాను వీట్‌స్కే. చదివినవాళ్లు మీ ఆయన పోయాడనుకుంటారు. అంత బాగా వచ్చింది."

కాఫీ పోసి, డబ్బా తెరిచి బిస్కెట్ ఇచ్చాను. ఇక్కడ కాఫీకి ఒక్క బిస్కెట్ ఇచ్చి డబ్బా మూసేయడం ఆనవాయితీ, నేను రెండోదీ ఇచ్చాను. ఆయన రెండో బిస్కెట్ వైపు చూసి, మా ఇద్దరి వైపూ చూశాడు. "ఏమైంది? ఎవరికైనా ఒంట్లో బాగోలేదా?"

హార్మెన్ ఫోటో ముందుకు జరిపాడు. లుబ్బర్ట్ దాన్ని దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పట్టుకుని చూశాడు.

"నీడ," అన్నాడు.

"నీడకి మూత ఉండదు."

"తొమ్మిదేళ్లలో ఒక్క ఫిర్యాదైనా వచ్చిందా?"

"ఎవరు చేస్తారు? నొక్కానని ముసలావిడ చెబితే మతిమరుపంటారు. పడిపోతే వయసంటారు."

"ఆ రిపోర్టు కింద సంతకం నాది, హార్మెన్."

"పూస నాది."

"నీదే. అయితే తొందరేంటి? ముందు సర్టిఫికెట్ తెచ్చుకో. సంతకం హక్కు చేతికొచ్చాక ఆ మంచం మళ్లీ తెప్పించు, కొత్త రిపోర్టు రాయి, నువ్వే సరిదిద్దు. ఎవరికీ నష్టం లేదు. ఇప్పుడు చెబితే నీకా హక్కే రాదు, తెలుసా?"

మాట బాగానే ఉంది. నాకైతే నచ్చింది కూడా. హార్మెన్ చాలాసేపు కాఫీ కలిపాడు. అతను చక్కెర వేసుకోడు.

"ఆ కాసిని నెలల్లో ఎవరైనా నొక్కితే?" అన్నాడు చివరికి.

"తొమ్మిదేళ్లు నొక్కారుగా."

"అప్పుడు నాకు తెలీదు."

లుబ్బర్ట్ ఉత్తరాన్ని మడిచి తిరిగి కోటు జేబులో పెట్టుకున్నాడు. కోపంతో కాదు, ఎవరింట్లోనో మరిచిపోయిన తన గొడుగు తిరిగి తీసుకున్నట్టు. "డెబ్బై ఒక్కేళ్లొచ్చాయి నాకు. ఊళ్లో నా పేరు ఒక్కటే మిగిలింది. దాన్ని నా చేత్తోనే ముంచుకోమంటావా?" అన్నాడు. గుమ్మం దగ్గర నాతో, "నువ్వు చూడకుండా ఉండాల్సిందమ్మాయ్," అన్నాడు. ఆ మాట నేను అప్పటికే రాత్రంతా నాకు చెప్పుకున్నాను కాబట్టి కొత్తగా ఏమీ అనిపించలేదు.

సోమవారం హార్మెన్ ఆనెలోత్‌కి చెప్పాడు. మంచాల కంపెనీ ఒక మంచం పంపింది. కొలిచింది రిన్స్కే. హార్మెన్‌ని గదిలోకి రానివ్వలేదు. అతను బయట కారిడార్‌లో, కొలిపించుకోవడానికి వచ్చిన వస్తువులా కూర్చున్నాడట. ఒట్టి కేబుల్‌తో హద్దుకి నాలుగు పైన. వృద్ధాశ్రమాలన్నిటికీ ఉత్తరాలు వెళ్లాయి. మనుషులు వెళ్లి ప్రతి మంచానికీ ఒక పూస తగిలించి రావాలి.

ఆనెలోత్ చెడ్డది కాదు. "చెప్పినందుకు థాంక్స్," అందట. ఆ తర్వాత, "ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?" అని అడిగింది.

"తెలీదు."

"మీరు 'లేవు' అంటారనుకున్నాను."

"నేనూ అనుకున్నాను."

అతను చేసిన పనులన్నీ మూడు వందల నలభై. ఫోటోలన్నీ చూసి, అనుమానమున్నవి జాబితా రాసివ్వాలి. అది తేలేదాకా దరఖాస్తు పంపొద్దని ఆవిడ మాట. ఎలాగూ అందులో మూడో ఉత్తరం లేదు.

నవంబరు ఒకటిన కుట్టు మిషన్ ఒకటి కొలిచాడు. కింద రిన్స్కే సంతకం పెట్టింది. పెట్టేముందు, "ఏమీ అనుకోకండి," అందట.

"నువ్వేమన్నావు?" అని అడిగాను.

"కేబుల్ తడిమి చూశావా అని అడిగా. చూసిందట. రెండుసార్లు." కోటు కొక్కేనికి తగిలించాడు. జారి కిందపడింది. మళ్లీ తగిలించాడు.

ఇప్పుడు ఆదివారాలు మా వంటింటి బల్ల నిండా ఫోటోలే. అతను నంబరు చదువుతాడు, నేను చూస్తాను. అతని కళ్లమీద అతనికి నమ్మకం పోయింది. నావి మాత్రం ఏ పరీక్షా పాసవ్వలేదని చెప్పి చూశాను. నవ్వలేదు. బఠాణీ సూపు పొయ్యిమీద చిక్కబడుతూ ఉంటుంది, నేను "శుభ్రం" అంటూ ఉంటాను, అతను టిక్కు పెడుతూ ఉంటాడు. ఒక్కోసారి శుభ్రమని చెప్పే ముందు నా గొంతు ఆగుతుంది. ఆ ఆగడం అతనికి వినబడుతుంది.

నిన్న రెండు వందల పన్నెండో నంబరు, పాలు పితికే యంత్రం. కేబుల్ బల్ల అంచు దాటేచోట నల్లగా ఏదో ఉంది. భూతద్దం పెట్టాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను.

"చెప్పు," అన్నాడు.

"టేపు ముక్కలా ఉంది. కానీ..."

కానీ తర్వాత ఏం చెప్పాలో నేను తేల్చుకునేలోపే అతను నంబరు రాసేశాడు. ఆ జాబితాలో అది పదకొండోది. నేను తర్వాతి ఫోటో తీశాను.