కొసరు

మా ఇంట్లో నేను ఖాళీగా ఉన్నానంటే గిన్నెలు తోమడం అయిందని అర్థం. సరిగ్గా అప్పుడు మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి, "ఖాళీయేగా, రెండు నారులు చుట్టెయ్యరాదూ" అంటారు. వినడానికి అడిగినట్టే ఉంటుంది కానీ, కాదనడానికి అందులో చోటుండదు. నేను తడిచేతులు తుడుచుకుని వెనక గదిలోకి వెళ్తాను.

మాది విల్లులు చేసే కుటుంబం. పోటీల్లో వాడే విల్లులు. ఇంటి ముందు షెడ్డులో బావగారు, పనివాళ్ళు చెక్కపొరలు అంటించి, వంచి, నునుపు తేలుస్తారు. మా ఆయన ఊళ్ళు తిరిగి అమ్ముకొస్తారు. విల్లుకు కట్టే తాడు, అదే నారి, మాత్రం వంటింటికీ బట్టలుతికే చోటుకీ మధ్యనున్న గదిలో తయారవుతుంది. రెండు మేకుల మధ్య దారాన్ని చుట్లు చుట్లుగా తిప్పి, మైనం పట్టించి, కొసలకు ఉచ్చులు వేసి, బాణం ఆనే చోట మరో దారం బిగించి చుట్టాలి. ఎక్కడ బిగువు తగ్గినా పోటీలో బాణం పక్కకు పోతుంది, ఆ తిట్లు ఇంటిదాకా వస్తాయి. బాగా కుదిరితే మాత్రం విల్లు బాగుందంటారు. పెళ్ళయిన కొత్తల్లో అత్తగారు నాకీ పని నేర్పుతూ, ఇది మన ఇంటి ఆడవాళ్ళది, మగవాళ్ళకి రాదు అని గర్వంగా చెప్పారు. నేనూ పొంగిపోయాను. మగవాళ్ళకి రాని పనులు మా ఇంట్లో ఇంకా చాలా ఉన్నాయని, తాగిన గ్లాసు తీయడం కూడా వాటిలో ఒకటని తర్వాత తెలిసింది.

కొనడానికి వచ్చినవాళ్ళు నారిని వేళ్ళతో మీటి, ఎవరు చేస్తారండీ అంటే, మా ఆయన దగ్గర ఎప్పుడూ ఒకటే జోకు. "మా ఇంట్లో నారి పని నారిదేనండి." అందరూ నవ్వుతారు. టీ పళ్ళెం పట్టుకుని నేనూ నవ్వేదాన్ని. మొదటిసారి నిజంగానే నవ్వొచ్చింది. తర్వాత మొహానికే అలవాటైపోయింది. నువ్వెప్పుడైనా బాణం వేశావా అని కూడా ఎవరో ఒకరు అడుగుతారు. వెయ్యలేదు, వెయ్యాలనీ లేదు. నాకున్న కోరికల్లా మధ్యాహ్నం కాసేపు పడుకోవడం.

ఇలా ఉండగా పెద్ద కంపెనీ ఒకటి మా షెడ్డునీ, పేరునీ, విల్లు నమూనాలనీ కలిపి కొంటానంది. ఇంట్లో చావుకబురు విన్నట్టయింది. తాతల నాటి పని పరాయివాళ్ళ పాలవుతోందని బావగారు అన్నం ముందు కూర్చుని నిట్టూర్చారు. మా ఆయన సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకున్నారు. నేను తల వంచుకుని వడ్డిస్తుంటే దిగులనుకున్నారు. నిజానికి నాకు నవ్వు తన్నుకొస్తోంది. షెడ్డు పోతే మేకులూ పోతాయి. గది నిండా మైనం వాసన పోతుంది. దారం కోసిన వేళ్ళ మీద ఉప్పు పడి మంటెత్తని రోజొకటి వస్తుంది. ఇంటిల్లిపాదీ ఏడుస్తుంటే నాకింత హాయిగా ఉండటం తప్పేమో అనుకున్నాను కానీ, హాయి నా మాట వినలేదు.

కంపెనీ తరఫున ఒకావిడ వచ్చింది. షెడ్డంతా చూసి, ముందుగదిలో కూర్చుని, నారుల సంగతేమిటని అడిగింది. మా ఆయన తన జోకు వేశారు. ఆవిడ నవ్వలేదు.

"అంటే ఎవరండీ?"

"మా ఆవిడండి."

"ఆవిడ ఇక్కడ ఉద్యోగం చేస్తారా? లేక వాటాదారా?"

మా ఆయన బావగారి వంక చూశారు. బావగారు కిటికీ వంక చూశారు.

"ఆవిడ... మా ఆవిడండి" అన్నారు మా ఆయన మళ్ళీ.

ఆ ఇబ్బందిలోంచి బయటపడటానికేమో, వెంటనే ఉదారంగా ఒక మాట ఇచ్చేశారు. నారుల గురించి కంపెనీవాళ్ళు బెంగపెట్టుకోనక్కర్లేదని, వాళ్ళ ఏర్పాట్లు కుదిరేదాకా, ఏడాదైనా రెండేళ్ళయినా మా ఆవిడ చుట్టి ఇస్తుందని, ఎలాగూ ఇంట్లో ఖాళీగానే ఉంటుందని. టీ పళ్ళెంతో గుమ్మంలో నిలబడి అంతా విన్నాను. షెడ్డుకి బేరం కుదిరింది, పేరుకి బేరం కుదిరింది, నన్ను మాత్రం కొసరు వేశారు.

ఆవిడ నా వైపు తిరిగింది. "మీరు చేస్తారా?"

ఇన్నేళ్ళలో నారి చుట్టమన్నవాళ్ళే కానీ, చుడతావా అన్నవాళ్ళు లేరు. అలాంటి ప్రశ్నకు జవాబెలా చెబుతారో కూడా నాకు తెలియదు. కాదంటే బేరం చెడుతుందేమో. చెడితే ఆ నింద బతికున్నంతకాలం నా నెత్తినే ఉంటుంది. మా ఆయన కనుబొమలతోనే ఊ అనమంటున్నారు. ఊ అనడం నాకెంత అలవాటంటే, నోరు తెరిస్తే అదే వచ్చేస్తుందేమోనని భయం వేసింది.

"చేయనండి" అన్నాను.

"సరే" అంది ఆవిడ. అంతే. ఆకాశం విరిగి మీద పడుతుందనుకున్నాను. వాళ్ళకి వేరేచోట మెషిన్లున్నాయట, నారులు వాటి మీదే చేయిస్తారట, నాకిష్టమేమోనని కనుక్కుందట. నేను లేకపోతే విల్లే వంగదనుకున్నానేమో, ఒక్క క్షణం చిన్నబుచ్చుకున్నాను. ఆ తర్వాత ఎంత తేలికపడ్డానో చెప్పలేను. పళ్ళెం బల్ల మీద పెట్టి, అందులోంచి ఒక కప్పు తీసుకుని, అక్కడే కూర్చుని తాగాను.

ఆవిడ వెళ్ళాక మా ఆయన నా వెనకే నారుల గదిలోకి వచ్చారు. నలుగురిలో పరువు తీశానన్నారు. కాదనదలుచుకుంటే ముందు తనకో మాట చెప్పి కాదనొచ్చుగా అన్నారు. నేను మేకుల మీద సగం చుట్టి ఉన్న నారిని విప్పుతున్నాను. దాంతో ఆయన గుమ్మం పక్క కుర్చీలో కూర్చున్న అత్తగారిని మధ్యలోకి లాగారు.

"మా అమ్మ ఎన్నేళ్ళు చుట్టింది? ఒక్కనాడైనా చేయనందా? అదిగో, ఆవిడనే అడుగు."

అత్తగారి వేళ్ళు ఇప్పుడు పూర్తిగా ముడుచుకోవు, పూర్తిగా చాపుకోవు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటారు. ఈ పని మా ఇంటి ఆడవాళ్ళదని నాకు చెప్పింది ఆవిడే కదా, ఇప్పుడేమంటారోనని ఆవిడ వంక చూశాను. ఆవిడ కొడుకు వంక చూడలేదు. విప్పుతున్న దారం వంకే చూశారు.

"చేస్తావా అని నన్నెవరడిగార్రా?" అన్నారు.