మెడ వెనక కొక్కెం

ఉప్పెనలో మొగుడు పోయాక, చిలకలపూడిలో ఇంట్లోనే రోల్డుగోల్డు గొలుసులు చేసుకుంటూ బతికే రోషన్ బీ గడప రోజూ తొక్కే మనిషి పక్కింటి జమీలా ఒక్కతే. సబ్బు తగిలితే మెడలో గొలుసు నల్లబడుతుందని ఆ పిల్ల దాన్ని తీసేసి స్నానం చేసేది. మళ్లీ మెడ వెనక కొక్కెం పెట్టించుకోడానికి పరుగెత్తుకొచ్చేది. జమీలా మొగుడు తెల్లారకుండానే గిలకలదిండి రేవుకెళ్లి చేపల బోటెక్కేవాడు మరి.

“ఈమాత్రం నీ అంతట నువ్వు పెట్టుకోలేవటే?” అని విసుక్కుంటూనే రోషన్ బీ పెట్టేది. ఆ విసుగులోంచే ఒకనాడు ఆలోచన పుట్టింది. అసలు కొక్కెం వెనకే ఎందుకుండాలి? ముందున్న బిళ్ళ చాటున దాస్తే ఎవరి గొలుసు వాళ్లే పెట్టుకోవచ్చు కదా! తీగ వంచీ, విరగ్గొట్టీ, మళ్లీ వంచీ చివరికి సాధించింది. మొదటి గొలుసు జమీలాకే ఇచ్చింది.

ఆమె గొలుసులు కొనే షాపు తాతారావు గారు అది చూసి, “బుర్రంటే నీదమ్మా!” అన్నారు. వీధి వీధంతా అదే మోడల్ చేయడం మొదలెట్టింది.

జమీలా మాత్రం రావడం మానేసింది. పాపం, ఇక దానికిక్కడ పనేముంది? పొద్దున్నే గోడవతల దాని గాజుల చప్పుడు వినబడేది, అంతే.

రంజాన్‌కి కొత్త గొలుసు కావాలని జమీలా కబురు పెడితే రోషన్ బీ చేసి ఉంచింది. జమీలా వచ్చి, పెట్టుకోబోయి మొహం చిట్లించింది.

“ఇదేంటి ఖాలా, కొక్కెం మళ్లీ వెనక్కి పోయింది?”

“దీనికి అక్కడే అందం. వాగకుండా అటు తిరుగు,” అని కసిరింది రోషన్ బీ.

చేతులకి అలవాటు తప్పిందేమో, ఆ కొక్కెం పడడానికి చాలాసేపే పట్టింది.