చెంచా పెట్టని గ్లాసు

మా ఆయన పోయాక బారు తలుపులు మళ్లీ తెరిచిన మొదటి సాయంత్రమే మా మరిది కౌంటరు ముందు తిష్ఠ వేశాడు.

“ఆడవాళ్లకెందుకు వదినా ఈ తలనొప్పి? కౌంటరు నాకొదిలెయ్. అన్నయ్య చేతి రుచి నాకు తెలుసు” అన్నాడు.

తెలుసట! గ్లాసు కడగడం కూడా చేతకాని పెద్దమనిషి.

ఆ రుచి సంగతి నేను చెబుతాను. పొడుగు గ్లాసు అడుగున మూలికల లిక్యూర్, అంటే ఆకుపచ్చటి ఘాటు మద్యం కాస్త, దాని మీద బుడగలొచ్చే చల్లటి స్పార్క్లింగ్ వైన్. అంతే పని. మా ఆయన మాత్రం అందులో చెంచా పెట్టి, కవ్వంతో చిలికినట్టు చిలికేవాడు. బుడగలన్నీ చచ్చి చేదు నీళ్లు మిగిలేవి. “కలపకండీ” అంటే “నువ్వు గ్లాసులు తుడుచుకో” అనేవాడు. ఆయనంటే నాకు ప్రాణమే. కానీ ఆ ఒక్క విషయంలో మొండిఘటం. వచ్చేవాళ్లు కూడా దానికే అలవాటుపడి, అదే అమృతమనుకున్నారు.

ముందుగా వచ్చింది దర్జీ మాస్టారు. తర్వాత మిగతా వాళ్లూ వచ్చి బల్లల దగ్గర కూర్చున్నారు. ఆయన మాట వాళ్లకు వేదవాక్కు.

“ఎప్పుడూ తాగేదేనమ్మా” అన్నారు.

మరిది నా చేతిలో చెంచా పెట్టాడు. “అన్నయ్యలాగే చెయ్. మాస్టారు బాగుందంటే కౌంటరు నీది. లేదంటే నాది.”

“పందెం కాయడానికి ఇదేమన్నా నీ అత్తసొమ్మా?” అన్నాను.

అందరూ నవ్వారు. వాడి ముఖం మాడిపోయింది. కానీ మాస్టారు లేచి వెళ్లిపోతే ఆయన వెనకే బల్లలన్నీ ఖాళీ అవుతాయి.

చెంచా పక్కన పడేశాను. లిక్యూర్ పోసి, గ్లాసు వంచి, వైన్‌ను అంచు వెంట మెల్లగా జార్చాను. ఆకుపచ్చ రంగు దానంతటదే పైకి లేచి కలిసింది.

“వదినా, చెంచా!”

“నోర్ముయ్యి.”

మాస్టారు ఒక గుక్క తాగి, మీసానికంటిన నురగ తుడుచుకున్నారు. “ఇది మీ ఆయన చేసే రుచి కాదమ్మా.”

“కాదు మాస్టారూ. నాది.”

“నాకు పాతదే బాగుండేది” అన్నారాయన, మొహమాటం లేకుండా.

కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడిస్తే మరిది గెలిచినట్టే. ఏడవలేదు.

“అయితే దీనికి అలవాటుపడండి” అన్నాను. “ఆయన ఇక రాడు. ఇక్కడ ఉండేది నేనే.”

మాస్టారు లేవలేదు, మరో గుక్క తాగారు. మరిదే లేచాడు.