వెనకొచ్చే జట్టు

ఆదివారం ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది అమ్మ. గోల్ఫ్ కర్రల సంచుల్ని తడిగుడ్డతో తుడిచి, తన నీలం టోపీతో పాటు అందరి టోపీలూ దులిపి, కారు డిక్కీలో సర్దుతుంది. వారమంతా పరదాలు కుట్టే చెయ్యి ఆ ఒక్కరోజే బంతిని కొడుతుంది. నాన్న బస్సు నడిపే రోజుల్లో ఆయన రూటులో చివరి స్టాపు ఊరి గోల్ఫ్ మైదానం గేటే. బస్సు తిప్పేలోపు దొరికే కాస్త ఖాళీలో చూసీ చూసీ, ఎవరో అమ్మేస్తున్న పాత కర్రలు కొనుక్కొచ్చాడు. అంతే, ఇంటిల్లిపాదికీ ఆ పిచ్చి అంటుకుంది.

ఈ ఆదివారం మాత్రం వెళ్తున్నది ఊరి మైదానానికి కాదు. సముద్రం ఒడ్డునున్న ఆ పెద్ద మైదానం గురించి వినని ఆటగాడు లేడు. టికెట్టు కొన్న ఎవరైనా ఆడొచ్చు. ఆడి నవ్వుతూ బయటికొచ్చినవాళ్ళే తక్కువ. నాన్నకి అక్కడ ఒక్కసారి ఆడాలని ఏళ్ళ నాటి కోరిక.

కారులో ముగ్గురే ఎక్కారు. అన్నయ్య సంచి వీపుకి కట్టుకుని మోటారుసైకిల్ మీద విడిగా వస్తున్నాడు.

"కారులో చోటుంది కదరా" అంది అమ్మ.

"నాకు గాలి కావాలమ్మా" అన్నాడు.

ఆ గాలి ఎందుకో చెల్లికి తెలుసు.

చెల్లి తూకాల శాఖలో పనిచేస్తుంది. అంగళ్ళు తిరిగి కాటాలు సరిగ్గా తూస్తున్నాయో లేదో పరీక్షిస్తుంది. ఎవరు ఎన్ని షాట్లు కొట్టారో కాగితం చూడకుండా చెప్పేస్తుంది. అందుకే అన్నయ్య ఆమెకి 'తక్కెడ' అని పేరు పెట్టాడు. పోయినేడు ఊరి పోటీలో అన్నయ్య కర్ర ఆనించగానే బంతి వెంట్రుకవాసి కదిలింది. తక్కువ షాట్లలో ముగించినవాడే గెలిచే ఈ ఆటలో వెంట అంపైరు తిరగడు. కదిలించినవాడే చెప్పుకుని, తన లెక్కలో ఒక షాట్ జరిమానా కలుపుకోవాలి. పక్కనున్నవాళ్ళు చూస్తే ముందు అతనికే చెప్పడం మర్యాద. చెల్లి చూసింది, కానీ అక్కడ నోరు విప్పలేదు. సాయంత్రం అన్నయ్య చేతికి కప్పు అందిస్తుంటే, నలుగురిలో నిలబడి నిర్వాహకులకి చెప్పింది.

కప్పు ఇంకొకరింటికి వెళ్ళింది. "నాకు కనపడలేదే. అక్కడే నా చెవిలో వేసుంటే నేనే కలుపుకునేవాణ్ణి కదా" అన్నాడు అన్నయ్య. ఆమెతో అదే ఆఖరి మాట. ఏడాదిగా భోజనాల బల్ల మీద ఉప్పు డబ్బా కూడా అమ్మ మీదుగానే అటూ ఇటూ నడుస్తోంది. వచ్చే వారం అన్నయ్య ఫ్రిజ్‌ల రిపేరు కొట్టుని వేరే ఊరికి మార్చేస్తున్నాడు. మళ్ళీ ఎప్పుడొస్తావని నాన్న అడిగితే, "చూద్దాం" అన్నాడు. అన్నయ్య చూద్దామంటే రాడని ఇంట్లో అందరికీ తెలుసు.

మైదానం గేటు దగ్గర పెద్ద బోర్డు ఉంది: 'ఇది కష్టమైన మైదానం. బంతులూ ఓపికా దండిగా ఉన్నవాళ్ళే దిగండి. పోయినవి మేము వెతికిపెట్టం.'

జట్లని వరసగా ఆటకి వదిలే టోపీ పెద్దాయన వాళ్ళ టికెట్లు చూసి, రోజూ చెప్పే పాఠం అప్పజెప్పాడు. "నీళ్ళు తాగుతూ ఉండండి. ఇసుక గోతుల్లో దిగితే చదును చేసి రండి. మీ వెనకొచ్చే జట్టు మీరే, కొన్నేళ్ళ తర్వాతి మీరు. దారి అడిగితే పక్కకి జరగండి, పలకరించొద్దు. మరుగుదొడ్డి తొమ్మిదో గుంట దగ్గర."

"తొమ్మిదో గుంట దాకా లేదా!" అంది అమ్మ గాభరాగా.

ఆట మొదలైంది. నాన్న మొదటి బంతి నేరుగా సముద్రంలోకి పోయింది. "దానికి దాహమేసింది" అని ఆయనే నవ్వుకున్నాడు. అమ్మ బంతి మాత్రం ఆమెలాగే కొంచెం కొంచెం, వంకర లేకుండా ముందుకి పోయేది. మొదటి గుంటలో అందరి బంతులూ వేసి వెనక్కి చూస్తే, వాళ్ళు బయల్దేరిన చోట ఇంకో జట్టు నిలబడి ఉంది. చేతికర్రతో నాన్న. అదే నీలం టోపీతో అమ్మ. జుట్టు కాస్త నెరిసిన చెల్లి.

నాలుగో మనిషి లేడు.

అన్నయ్య ఒక్కసారి అటు చూసి, సంచి భుజాన వేసుకుని ముందుకి నడిచాడు.

తొమ్మిదో గుంట దగ్గరికి టోపీ పెద్దాయన చిన్న బండిలో వచ్చాడు. "మీరు మరీ నెమ్మది. వెనకవాళ్ళు ఆగి ఆగి వస్తున్నారు. దారివ్వండి."

అమ్మ ఆయన బండి కడ్డీ పట్టుకుంది. "అయ్యా, వాళ్ళలో ఒకరు తక్కువున్నారు. మా పెద్దాడికేమైనా..."

"అయ్యో, అలా కాదమ్మా. రానివాళ్ళు కనపడరు. రాలేదు, అంతే."

"అంతేనా? అదేం చిన్న సంగతా?" అన్నాడు నాన్న. బస్సు నడిపినన్నాళ్ళూ ఎవరితోనూ గొంతు పెంచని మనిషి, కర్రని నేలకి గుచ్చాడు. "నా కొడుకు లేకుండా ఆ జట్టుని నా ముందునుంచి పోనివ్వను. కావాలంటే జరిమానా వేసుకోండి."

పెద్దాయన గడియారం చూసుకుని, వెనకవాళ్ళని చూసి, గడ్డం గోక్కున్నాడు. "సరే. పద్నాలుగో గుంట దాకా చూస్తాను."

పద్నాలుగో గుంట పక్కన ఇసుక గొయ్యి మనిషి లోతు ఉంటుంది, దిగడానికి చెక్క నిచ్చెన వేశారు. అన్నయ్య బంతి వెతుక్కుని మరీ అందులో పడింది. నాన్నా అమ్మా దూరంగా, గుంటలో పాతిన జెండా దగ్గర ఉన్నారు. అన్నయ్య దిగాడు. లెక్క రాసుకోవడానికి చెల్లి గోతి అంచున నిలబడింది. అతను పైనున్న జెండా వంక చూస్తూ కాళ్ళు ఇసుకలో పాతుకుంటుంటే, ఇసుక గట్టు జారి, బంతి గింజంత కిందికి దొర్లింది.

చెబితే ఉన్న కాస్త బంధమూ తెగిపోతుంది. చెప్పకపోతే తూకం రాయి తనే అరగదీసినట్టు. వెనక్కి చూసింది. ఆ ముగ్గురూ ఆగి ఉన్నారు. జుట్టు నెరిసిన చెల్లి ఈమె వైపే చూస్తోంది. ఆమె మొహంలో కోపం లేదు, కేవలం అలసట.

చెల్లి కాగితం జేబులో పెట్టుకుని నిచ్చెన దిగింది. అన్నయ్య పక్కకి వెళ్ళి, ఇంకెవరికీ వినపడకుండా అంది:

"అన్నయ్యా, కదిలింది."

అన్నయ్య బంతిని చూశాడు, ఆమె చెప్పుల నిండా ఉన్న ఇసుకని చూశాడు.

"నాకు కనపడలేదు" అన్నాడు.

"నాకు కనపడింది."

అతని భుజాలు దిగాయి. "అయితే కలుపు, తక్కెడా."

ఏడాది తర్వాత ఆ పేరు విని, చెల్లి జేబులోంచి కాగితం తీసి ఒకటి కలిపింది. ఆ గోతిలో అన్నయ్య ఇంకో మూడు షాట్లు పోగొట్టుకున్నాడు. పోగొట్టుకున్న ప్రతిసారీ ఆమె "కలపనా?" అంది. అతను "నోర్ముయ్యవే" అన్నాడు. పైకొచ్చేసరికి ఇద్దరూ నెత్తి నిండా ఇసుకతో నవ్వుతున్నారు.

అప్పుడే జెండా దగ్గర్నుంచి అమ్మ కేక వినపడింది. "ఏమండీ, అటు చూడండి!"

వెనక, పొదల పక్కనుంచి ఒకడు పరిగెత్తుకొస్తున్నాడు. వీపున సంచి, చేతిలో హెల్మెట్. పొట్ట కొంచెం వచ్చింది. ఎప్పటిలాగే ఆలస్యం. వచ్చీ రాగానే జుట్టు నెరిసిన చెల్లి అతని వీపు మీద ఒక్కటిచ్చింది.

నాన్న టోపీ తీసి, దారిచ్చే గుర్తుగా గాల్లో ఊపాడు. "రమ్మనండి! ఎంతమందైనా రమ్మనండి!"

ఆ నలుగురూ వీళ్ళ ముందునుంచి నడిచి వెళ్ళారు. పలకరింపుల్లేవు. కానీ వాళ్ళ మాటలు వినకుండా ఎలా ఉంటారు?

"పోయిన గుంటకి ఐదు రాయి."

"ఆరు అన్నయ్యా."

"నువ్వు చూశావా ఏంటి?"

"చూశాను కాబట్టే చెబుతున్నా."

"ఆరేలే. నిన్ను కాసేపు ఏడిపిద్దామని."

"ఇంకా దెబ్బలాటలేనా వీళ్ళకి!" అన్నాడు నాన్న.

"దెబ్బలాడుకోవాలన్నా పక్కపక్కన ఉండాలి కదండీ" అంది అమ్మ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

ఆట అయ్యాక సంచులన్నీ డిక్కీలోకి ఎక్కాయి. "కొట్టు సంగతేంట్రా?" అని అడిగింది అమ్మ, భయపడుతూనే.

"మారుస్తున్నానమ్మా. అక్కడ బేరం బాగుంటుంది" అన్నాడు అన్నయ్య హెల్మెట్ దులుపుతూ. "ఆదివారాలు వస్తా. నా టోపీ కూడా దులిపి ఉంచు."

తర్వాత చెల్లి వైపు తిరిగాడు. "కారులో ఉక్కగా ఉంటుంది. వస్తావా?"

ఆమె మోటారుసైకిల్ వెనక ఎక్కింది. సముద్రం పక్క రోడ్డు మీద గాలి చెవుల్లో గోల పెడుతోంది. మలుపు దగ్గర అన్నయ్య అద్దం సరిచేసుకుంటూ అరిచాడు.

"వెనక ఎవరొస్తున్నారో చూడు!"

చెల్లి తల తిప్పి చూసింది. వెనక కారులో లైటు కొట్టి కొట్టి చెయ్యూపుతున్న నాన్న, పక్కన నీలం టోపీ.

"మనవాళ్ళే" అంది.