రంగు బకెట్టు నీళ్లు

అమీర్‌పేటలో ఏ ప్లాస్టిక్ సామాన్ల కొట్టుకు వెళ్లినా ముందు డబ్బాలో ముక్కు పెడుతున్నాను. తరువాత బోర్లించి అడుగు చూస్తున్నాను. నాలుగో కొట్టు యజమాని సురేందర్ విసుక్కున్నాడు.

"ఏం జూస్తున్నవన్నా? నీళ్లకే గదా!"

"చేపల నీళ్లకు."

"చేపలకు గింత ఫికరా? తీస్కపో, మస్తు గట్టిది. వాసనంటవా, రెండ్రోజులు ఎండల పెడితే పోతది."

ఆ మాటకు ఒళ్లు మండింది. వారం కింద నేనూ అదే అన్నాను మరి. ఇంటికి రంగులు వేయించాక మిగిలిన బకెట్టును పారేయడం మా ఇంటా వంటా లేదు. దాన్ని తోమి, ఎండబెట్టి, అక్వేరియం కోసం నీళ్లు పట్టింది నేనే. నల్లా నీళ్లలో బ్లీచింగ్ వాసన పోవాలంటే ఒకరోజు నిలవ ఉంచాలి కదా. ఆ నీళ్లు పోసిన మర్నాడే మూడు చేపల్లో రెండు చచ్చి తేలాయి.

"డాడీ, నేను మేత ఎక్కువేసిన్నా?" అని మా పింకీ ఏడ్చింది. దానికి తొమ్మిదేళ్లు.

"అయ్యుండొచ్చు బిడ్డా" అన్నాను. అంతకు కాసేపటి ముందే బకెట్టులో మిగిలిన నీళ్లు పారబోస్తుంటే రంగు వాసన గుప్పుమని కొట్టింది. తెలిసే అన్నాను, సిగ్గులేకుండా.

ఈ మధ్యాహ్నం ఆఫీసుకు మా ఆవిడ మానస ఫోన్ చేసింది. "మేత డబ్బ పింకీ అల్మారల దాచింది. ఉన్న ఒక్క చేపకు నాలుగు రోజులసంది ఏమేస్తలేదు. ఏస్తే అదిసుత సస్తదట."

పర్మిషన్ పెట్టి బయటపడ్డాను. అప్పటినుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. నేరుగా ఇంటికి వెళ్లి నిజం చెప్పొచ్చు. ఉత్త చేతులతో దాని ముందు నిలబడే ధైర్యం లేదు.

ఎక్కిన ఆటో ట్రాఫిక్‌లో కదలక, దిగి పంజాగుట్టకు నడిచాను. చేపల కొట్టు విజయేందర్ నా మాట సగంలోనే అందుకున్నాడు. "రంగు బకెట్టా! అన్నా, తిండి సామాన్లు పెట్టే డబ్బ కొను. అడుగున త్రికోణం గుర్తుల రెండు అంకెనో, అయిదు అంకెనో ఉండాలె, అది తిండికి పనికొచ్చే ప్లాస్టిక్. కొత్తదైనా సబ్బు పెట్టకు, ఉత్త నీళ్లతోటి కడుగు."

పక్క వీధిలో దొరికింది. తెల్లది, మూత ఉంది, అడుగున రెండు అంకె ఉంది. ఏ వాసనా లేదు. అయినా ఎర్రమంజిల్‌లో మా మెట్లు ఎక్కుతూ మూత తీసి మరోసారి వాసన చూశాను.

పింకీ అక్వేరియం ముందు కూర్చుని ఉంది. డబ్బా కింద పెట్టకుండానే చెప్పేశాను. "బిడ్డా, నువ్వేసిన మేతతోటి కాదు. నేను రంగు బకెట్ల నీళ్లు పట్టిన. అందుకే సచ్చినయ్."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నీకెప్పుడు తెల్సింది?"

"అవి సచ్చిన పొద్దున్నే."

లేచి వెళ్లి మేత డబ్బా తెచ్చింది. నాలుగు గింజలు వేసింది. చేప గబుక్కున పైకొచ్చి మింగింది. నాకు ఏడుపు ఆగలేదు. కళ్లు తుడుచుకుని, డబ్బా పట్టుకుని నల్లా వైపు నడిచాను.

"ఆగు డాడీ."

నా చేతిలోంచి డబ్బా తీసుకుని, మూత తీసి, తల లోపల పెట్టి చాలాసేపు వాసన చూసింది.

"ఇగనుంచి నీళ్లు నేనే పడ్త" అంది.